చింతగింజంత

ఏటికి ఇవతల నన్ను బారికి అంటారు,
అవతల పాతపట్నంలో మంగలి.
పర్లాకిమిడి బజారులో నాది ఒక్కటే కుర్చీ.
అందులో కూచున్న తల ఏ భాషదో కత్తెర అడగదు.

లోకనాథ మహరాణా తలతో నాకు ముప్పైయేళ్ళ పరిచయం.
ఎడమ చెవి వెనక సుడి,
నడినెత్తిన ఎప్పుడో రాయి తగిలిన గాటు.
ఆయన కొమ్ముతో కొంగలు చేస్తాడు, రొయ్యలు చేస్తాడు.
నా చేతిలో దువ్వెన కూడా ఆయన అరగదీసిందే,
గేదె కొమ్ము, ఎండకు పట్టి చూస్తే తేనెరంగు.

కార్తీకదీక్ష విడిచి మార్గశిరంలో వచ్చాడు.
నుదుటికి పైన, జుట్టు పల్చబడ్డ చోట,
నేరేడుపండు తిని తుడుచుకున్న వేలిముద్రలా ఒక మరక.
"దూలం తగిలిందా బావా?"
"తగిలే ఉంటాది."
అంతే. మాట ఇంకెటో పోయింది.

మాఘంలో అది చింతగింజంత.
చూశాను. నోరు విప్పలేదు.
ఆదివారం, బల్లమీద ఆరుగురు కూచునున్నారు.
ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు నేను.

ఫాల్గుణం వెళ్ళేసరికి దువ్వెన పళ్ళకి నెత్తురు.
కత్తి తగల్లేదు, గీరుకోలేదు,
ఊరికే, తలుపు తీసుకుని బయటికొచ్చినట్టు.

మందులషాపు కుర్రాడు తామరన్నాడు.
ఊళ్ళో డాక్టరు కమిలిందన్నాడు.
పెద్దకోడలు దిష్టి తీసింది.
ఎవరి మాటా అబద్ధంలా లేదు.
మరక మాత్రం ఎవరి మాటా వినలేదు.

బరంపురం పెద్దాసుపత్రికి తెల్లారగట్ల బస్సు.
నన్నూ రమ్మన్నాడు:
"నా బుర్ర నాకు కనబడదు కదరా, సూసినోడివి నువ్వే."

డాక్టరమ్మ పట్టజోషి భూతద్దం పక్కన పెట్టి
నా వైపు తిరిగింది. ఒడియాలో, నిదానంగా,
ఎప్పుడు చూశావు? ఎంతుండేది? రంగు?
నాకు తారీఖులు తెలీవు.
మార్గశిరంలో వేలిముద్ర అన్నాను.
మాఘంలో చింతగింజ. ఇప్పుడు తమలపాకు.
ఆవిడ నవ్వలేదు.
చింతగింజ అని అలాగే రాసుకుంది.

మరక మీదే కాదు, మరక దాటి,
బాగున్న చర్మంలోనూ నాలుగుచోట్ల ముక్కలు తీసింది.
"కంటికి అంచు కనబడినచోట ఇది ఆగదు" అంది.
అది నాకు వెంటనే అర్థమైంది.
మా వీధిలో ఏ గుమ్మం దగ్గర తెలుగు ఆగి
ఒడియా మొదలవుతుందో గీత గీయమంటే
నేను మాత్రం గీయగలనా?

పన్నెండు రోజులు.
గాజుపలక మీద గులాబీ పొర, మొదట తేలలేదట.
ఇంకేవో రంగులు పూసి మళ్ళీ చూశారట.
కటకానికి పంపి అక్కడా అడిగారట.
నెత్తురు నడిచే దారుల లోపలి గోడలే తిరగబడి
సొంత దారులు తవ్వుకుంటున్నాయట,
వానలప్పుడు మహేంద్రతనయ ఇసకలో
ఎక్కడికీ పోని పాయలు తీసినట్టు.
పోలిక నాది. ఆవిడ కాగితం మీద గీసి చూపించింది.

"పేరు?" అడిగాడు లోకనాథం.
"యాంజియోసార్కోమా. చాలా అరుదు."
"ఆంజి... ఆంజనేయుడి పేరేటి దీనికి!"
నర్సు నవ్వింది, నేనూ నవ్వాను.
కొడుకు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.
అరుదు అనే మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో,
తెల్లజీర పడిన కొమ్ము చేతికొచ్చినప్పుడు.

కటకం వెళ్ళే ముందురోజు గుండు నేనే గీశాను.
అద్దంలో నన్నే చూస్తూ అన్నాడు,
"మాఘంలో నీ సెయ్యి ఆగింది.
నానూ అడగలేదు."

కత్తి గాల్లో ఉండిపోయింది.

"కానియ్‌రా, సబ్బు ఆరిపోతంది."

వద్దంటున్నా ముప్పై రూపాయలు కుర్చీ చేతిమీద పెట్టి
తువ్వాలు తలకి చుట్టుకుని ఎండలోకి వెళ్ళాడు.
దువ్వెన కడిగి వెలుతురుకు పట్టాను.
పళ్ళ మధ్య తేనెరంగు, ఇంకేం లేదు.

తర్వాతి తల వచ్చి కూచుంది.
కత్తెర తీయడానికి కాస్త ఆలస్యమైంది.